ఢోలక్‌పూర్ గూర్చి మా ఊరి అభిప్రాయాలు



మే నెల మధ్యాహ్నం. గోస్పాడులో ఆ వేళకు కుక్కలు కూడా నీడ విడిచి రావు. అటువంటి ఎండలో ఒక తల్లిగారు కొంగు నెత్తిన కప్పుకొని మా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు త్రాగక మునుపే ఇలా అడిగారు: "అయ్యగారూ, పిల్లోల్లకు ఛోటా భీమ్ సినిమా చూపించొచ్చునా, కూడదా? మీరు ఒక్క మాట చెప్తే మా ఇంట్లో రంపు తీరిపోతుంది."

ఆమె భర్త చూపించవచ్చునంటారు. అత్తగారు వద్దంటారు. పిల్లలిద్దరూ ఈ తర్కం తేలేలోపుగా పొరుగింటిలో సగం సినిమా చూసి వచ్చి, మిగిలిన సగం కొరకు అన్నం మీద అలిగి కూర్చున్నారు.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకనగా కొన్నేండ్ల క్రిందట ఇదే ప్రశ్నకు మేము ప్రసంగంలో గట్టిగా జవాబు చెప్పియున్నాము. టీవీలో వచ్చే ఆ బొమ్మల కథ మన పిల్లలకు తగదన్నాము. అప్పటికి అందులో ఒక్క భాగమైనా మేము చూచి ఎరుగము. ఎవరో చెప్పగా విన్నాము, విన్నది చెప్పాము. ఆరాధన ముగిసిన తరువాత ఏడేండ్ల పాప ఒకతె మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, జగ్గు గూడ చెడ్డదేనా?" అని అడిగింది. జగ్గు అంటే ఆ కథలోని కోతి అని మాకు తెలియదు. తెలిసినట్లు తల ఊపాము. ఆ తల ఊపడం ఇప్పటికీ మాకు జ్ఞాపకం వస్తూ ఉంటుంది.

కనుక ఈసారి మొదట సినిమా చూచి, పిల్లలనూ పెద్దలనూ అడిగి, ఆ తరువాతనే నోరు తెరవాలనుకున్నాము. అలా అడిగినప్పుడు తెలిసిన సంగతులే ఈ నెల వ్రాస్తున్నాము.

ఢోలక్‌పూర్ అనగానే అది ఉత్తరాదిన ఎక్కడో ఉన్నదని మనం అనుకుంటాము. ఆ ఊరు పుట్టింది మన హైదరాబాదులో. దానిని సృష్టించిన రాజీవ్ చిలక గారు అమెరికాలో కంప్యూటరు చదువు ముగించి, అక్కడనే బొమ్మలను కదిలించే విద్య కూడా నేర్చుకొని, తిరిగి వచ్చి హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే సంస్థను స్థాపించారు. 2008లో పోగో చానలులో ఛోటా భీమ్ ధారావాహిక మొదలైంది. అంతకు మునుపు మన పిల్లలు చూచిన బొమ్మల కథలలో ఎక్కువ భాగం అమెరికాలోనో, జపానులోనో తయారైనవి. పంచె కట్టుకొని, లడ్డు తిని, ఊరి రాజుగారికి సాయం చేసే తొమ్మిదేండ్ల పిల్లవాడు తెర మీదికి వచ్చేసరికి పిల్లలు వాణ్ణి ఇంటివాడిని చేసుకున్నారు. పుస్తకాల సంచుల మీద వాడే, నీళ్ళ సీసాల మీద వాడే. నంద్యాల బజారులో రాఖీల మీద కూడా వాణ్ణి చూచాము.

ఆ ధారావాహిక నుండి 2012 మే 18న ఒక బొమ్మల సినిమా థియేటర్లకు వచ్చింది. పేరు ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్. పన్నెండేండ్లకు, 2024 మే 31న, అదే పేరుతో, అదే కథతో మరొక సినిమా వచ్చింది. ఈసారి బొమ్మలు కావు, మనుష్యులే. రెండింటికీ రాజీవ్ చిలక గారే దర్శకులు. భీమ్‌గా యజ్ఞ భాసిన్ అనే బాలనటుడు, గురు శంభుగా అనుపమ్ ఖేర్, స్కంధిగా మకరంద్ దేశ్‌పాండే నటించారు. ఇసుక క్రింద పూడిపోయిన సోనాపూర్ నగరం, అక్కడి బంగారం మీద రాజుగారికి కలిగిన ఆశ, ఆ ఆశ వలన దమ్యాన్ అనే దుష్టుడు లేచి రావడం, వాణ్ణి అణచడానికి భీమ్ తన స్నేహితులతో గతించిన కాలములోనికి వెళ్ళడం, ఇదీ కథ.

మా సంఘములో ఒక పెద్దమనిషి కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నాడు. సెలవుకు వచ్చినవాడు తన ఇంటి మిద్దె మీదికి టీవీ ఎక్కించి, చీకటి పడిన తరువాత సినిమా పెట్టాడు. చాపలు పరిచారు. పిల్లలు ఇరవై ముగ్గురు, పెద్దలు తొమ్మిదిమంది. మాటలు హిందీలో వచ్చాయి. మాకు వచ్చిన హిందీ రైలు టికెట్టు కొనుక్కోవడానికి సరిపోతుంది, అంతకు మించదు. పిల్లలకూ హిందీ రాదు, అయితే కథ వారికి ముందే కంఠస్థం. కనుక మా ఇరుప్రక్కల కూర్చున్న పిల్లలే మాకు తర్జుమా చేశారు. "ఇప్పుడు రాజు మోసపోతాడు చూడండి అయ్యగారూ" అని జరుగక ముందే చెప్పేవారు. మేము ప్రసంగం చెబుతుండగా ప్రక్కవాడు తర్జుమా చేయడం మాకు అలవాటే గాని, ఇలా మేము విని నేర్చుకొనే స్థలములో కూర్చోవడం అరుదు.

మాకు 1993 జ్ఞాపకం వచ్చింది. దూరదర్శనులో ఆదివారం ఉదయం జంగిల్ బుక్ వచ్చేది. కిప్లింగ్ ఇంగ్లీషు కథ, జపాను బొమ్మలు, హిందీ మాటలు, చూచేవారం తెలుగు పిల్లలం. ఒక్క మాట అర్థం కాకపోయినా మోగ్లీ దుఃఖం మాకు అర్థమయ్యేది. ఆదివారం ఉదయం గనుక మా ఇంట్లో ఏమి జరిగేదో చదువరులు ఊహించుకోవచ్చు. గుడిలో కూర్చున్న మా మనసు అడవిలో తిరిగేది. ఆ సంగతి మా నాయనకు తెలియదనుకున్నాము. తెలిసే ఉంటుంది.

సినిమా అయిపోయాక అందరికీ చీటీలు పంచాము. పేరు వ్రాయనక్కరలేదు, బాగున్నది ఏమిటి, బాగాలేనిది ఏమిటి, ఈ రెండే వ్రాయమన్నాము. చదువురాని పెద్దలు నోటితో చెప్పారు.

పెద్దల అభిప్రాయాలు మొదట చెబుతాము. సంఘ పెద్దలలో డెబ్బై దాటిన ఒకాయన పేరు దగ్గరనే ఆగిపోయారు. "భీముడు మనవాడు కాడు గదా" అన్నారు. పిల్లల మనసులో ఆ పేరు నాటుకుంటే రేపు ఏమవుతుందని ఆయన భయం. మేము ఆయనను మందలించలేదు. మేము కూడా కొన్నేండ్ల క్రిందట సరిగ్గా అదే మాట అన్నవారము. అయితే ఆయన చిన్నతనంలో టూరింగు టాకీసులో మాయాబజారు ఎన్నిసార్లు చూచారని అడిగాము. 1957 నాటి సినిమా అది. ఎస్వీ రంగారావు గారు ఘటోత్కచుడిగా లడ్డూలు ఆరగించిన ఆ సన్నివేశము తెలుగువారిలో ఎవరు మరిచారు? ఆయన కాసేపు తటపటాయించి, "పదిసార్లకు తక్కువ లేదు" అని ఒప్పుకున్నారు. ఆ ఘటోత్కచుడు భీముడి కొడుకే గదా అంటే, "అది వేరే, అది సినిమా" అన్నారు. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. తన అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

తల్లుల అభిప్రాయం కొట్లాట గూర్చి, లడ్డూల గూర్చి. "ఈ సినిమా చూసిన రెండు దినాలు మా వాడు తమ్ముణ్ణి నిలబడనీయడు అయ్యగారూ" అని ఒకరు. భీమ్‌కు లడ్డు తినగానే బలం వస్తుంది, మా ఇంట్లో లడ్డు తినగానే అల్లరి వస్తుందని మరొకరు. ఒకమ్మ మాత్రం ఏ కూర చేసినా ముట్టని తన కూతురు "ఇది తింటే బలమొస్తుందా" అని అడిగి తింటున్నదని చెప్పింది. లడ్డుకు బదులు ఆమె రాగి సంగటి ముద్దను గుండ్రంగా చేసి పెడుతున్నదట. ఇది చాలా తెలివైన పని అని మాకు అనిపించింది.

అందరికంటే వయసు మళ్ళిన ఒక అవ్వ సినిమాను అందరికంటే సూటిగా చెప్పింది. మాట అర్థం కాలేదు, చూపు సగమే. "రాజుకు ఉన్న బంగారం సాల్లేదు. తవ్వినాడు. తవ్వితే దయ్యం లేసింది. అంతే గదా?" అన్నది. అంతే.

ఇక యువకుడు. టీవీ ఎక్కించిన ఆ ఉద్యోగస్థుడే. 2008లో ఆరేండ్లవాడు, ఇప్పుడు మీసాలు వచ్చినవాడు. అందరిలోకి అతనికే ఎక్కువ కోపం వచ్చింది. గ్రాఫిక్స్ బాగాలేవన్నాడు, సాగదీశారన్నాడు. పత్రికలలో విమర్శకులు కూడా ఇదే వ్రాశారు. 2015లో, 2017లో బాహుబలి చూచిన కండ్లకు మరేదీ ఆనదు గదా. కాని అతని కోపం గ్రాఫిక్స్ మీద కాదని మాటల్లో తేలింది. "ఇది మా భీమ్ కాదు" అన్నాడు. అతని భీమ్ బడి నుండి వచ్చి సంచి పారవేసి, చద్దన్నం గిన్నెతో టీవీ ముందు కూర్చున్న సాయంత్రాలలో ఉన్నాడు. ఆ సాయంత్రాలను ఏ దర్శకుడు తిరిగి తీసి ఇవ్వగలడు? ధారావాహికలో నుండి సినిమా తీసేవారికి ఉన్న చిక్కు ఇదే. పెరిగినవారు తమ చిన్నతనం కొరకు వస్తారు, చిన్నవారు కథ కొరకు వస్తారు. ఒకే టికెట్టుకు ఇద్దరినీ తృప్తిపరచాలి. ఈ 2024 సినిమా థియేటర్లలో పెద్దగా ఆడలేదు.

పిల్లల చీటీలు వేరే లోకం. ఒక్కరు కూడా భీముడు ఎవరివాడని అడగలేదు. గ్రాఫిక్స్ మాట ముగ్గురు నలుగురు వ్రాశారు, అది కూడా అన్నలు అనగా విని వ్రాసినట్లున్నది. "భీమ్ పెద్దగ ఉండాడు, మా అన్న లాగ" అని ఒకరు. "దమ్యాన్ వచ్చినప్పుడు కండ్లు మూసుకున్న, బాగుంది" అని ఒకరు. కండ్లు మూసుకున్న భాగం ఎలా బాగుందో పెద్దలకు తెలియదు గాని పిల్లలకు తెలుసు. "చుట్కీకి ఇంకా పని ఇయ్యాలె" అని ఒక పాప. "వెయ్యేండ్లు వెనక్కి పోతే మా జేజి ఉంటాదా?" అని ఒక చీటీ మీద ప్రశ్న ఉన్నది. ఆ ఇంటిలో మార్చి నెలలో మరణము జరిగింది. పేరు వ్రాయకపోయినా అది ఎవరిదో తెలిసింది. ఆ చీటీని మేము మా పుస్తకంలో దాచుకున్నాము.

ఈ దేశములో పిల్లల సినిమాకు పిల్లల తీర్పును లెక్కలోకి తీసుకున్న చోటు ఒకటి ఉండేది. అది కూడా హైదరాబాదులోనే. గోల్డెన్ ఎలిఫెంట్ అనే పేరుతో జరిగే అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం ఎన్నో మారులు అక్కడ జరిగింది. 2017 నవంబరులో జరిగినది ఇరవయ్యవది. అందులో పెద్దల న్యాయనిర్ణేతలతో పాటు పిల్లల న్యాయనిర్ణేతలు కూడా కూర్చొనేవారు. దానిని జరిపిన బాలల చిత్ర సమితి 1955లో ఆరంభమై, 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది.

పెద్దలు భయపడే స్థలము ఒకటి, పిల్లలకు నొప్పి కలిగే స్థలము మరొకటి. దీనికి ఒక పాత ఉదాహరణ ఉన్నది. పోకెమాన్ అనే జపాను ధారావాహిక చాలామంది చదువరులకు తెలిసే ఉంటుంది. దానిలోని వింత జంతువులను చూచి లోకమంతట పెద్దలు కలవరపడ్డారు. అమెరికాలో కొన్ని సంఘాలలో దానికి వ్యతిరేకంగా ప్రసంగాలు జరిగాయి. సౌదీ అరేబియా 2001లో దానిని నిషేధించింది. ఇటలీలో బిషప్పుల టీవీ కేంద్రము మాత్రం 2000లో దానిలో హాని లేదన్నది. 1999లో దాని మొదటి సినిమా అమెరికాలో విడుదలైనప్పుడు విమర్శకులు పెదవి విరిచారు, పిల్లలు థియేటర్లు నింపారు. అయితే ఆ కథ వలన పిల్లలకు నిజముగా హాని జరిగిన దినము ఒకటి ఉన్నది. 1997 డిసెంబరు 16న జపానులో ఒక భాగము ప్రసారమైనప్పుడు, తెర మీద ఎరుపు నీలము వెలుగులు అతి వేగముగా మిణుకుమిణుకుమనుట వలన పిల్లలకు మూర్ఛలు వచ్చి దాదాపు 700 మంది ఆసుపత్రుల పాలయ్యారు. హాని వింత జంతువులలో లేదు, వెలుగులో ఉన్నది. ఏ పెద్దకూ ముందుగా అటు చూపు పోలేదు.

మా చూపు కూడా అంతే.

చీటీలు లెక్క పెట్టాము. పిల్లలు ఇరవై ముగ్గురు, చీటీలు ఇరవై రెండు. మా శ్రీమతి, పిల్లల ముఖాలను మాకంటే బాగుగా ఎరిగినది గనుక, ఇయ్యనివాడు ఎవరో వెంటనే చెప్పింది. ఆరవ తరగతి చదివే పిల్లవాడు. పేరు ఇక్కడ వ్రాయము. వయసుకు మించిన ఒడ్డు పొడుగు, నల్లని రంగు, పనిలో ముందుండేవాడు. సినిమా సగంలోనే లేచి మిద్దె దిగి వెళ్ళిపోయాడట. మేము గమనించలేదు. ఇంకొక సంగతి కూడా ఆమెనే చెప్పింది. వాడు సండే స్కూలుకు రాక అప్పటికి ఐదు వారాలైంది. సినిమా అంటే వచ్చాడు.

ఛోటా భీమ్ ఎరిగినవారికి కాలియా తెలుసు. భీమ్‌కు ఎదురు నిలిచే మొండివాడు, భారీ మనిషి, ఈర్ష్య గలవాడు, అయితే స్నేహితుల గుంపు విడిచి పోనివాడు. మా ప్రాంతంలో హిందీ రాకపోయినా ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగు ఉన్నందున కాలా అంటే నలుపు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. బడిలో ఆ పిల్లవాడిని కాలియా అనడం మొదలుపెట్టారు. అంతకు మునుపు కర్రోడు అనేవారు. ఒక దినము మేము సండే స్కూలులో బల్లలు జరుపుతూ, "రారా కాలియా, ఈ పెద్ద బల్ల నీవే ఎత్తాలి" అన్నాము. కర్రోడు అనడం కంటే ఇది ముద్దుగా ఉన్నదనుకున్నాము. పిల్లలందరూ నవ్వారు. వాడు కూడా నవ్వి బల్ల ఎత్తాడు. ఆ నవ్వును మేము సమ్మతి అనుకున్నాము. తరువాత కూడా రెండు మూడు సార్లు అలాగే పిలిచాము.

ఆ పేరు కల్పించినవారిని నిందించడానికి ఈ మాట వ్రాయడం లేదు. పేరు తెర మీద ఉన్నంతసేపు కథే. దానిని తీసుకొనివచ్చి ఒక పిల్లవాడి మీద పెట్టినది మేము. బడిపిల్లలు పెట్టారనుకున్నా, అయ్యగారు కూడా అన్నారంటే ఇక దానికి ఆమోదముద్ర పడినట్లే గదా.

మరుసటి సాయంత్రం వారి ఇంటికి వెళ్ళాము. తండ్రి వరి కోత మిషను మీద పనికి పోయి ఇంకా రాలేదు. తల్లి మంచం వేసి కూర్చోబెట్టి, కొడుకు గూర్చి తనకు తానే చెప్పుకొచ్చింది. "ఏమైందో ఏమో అయ్యగారూ, వారానికి ఒక పౌడరు డబ్బా ఖాళీ చేస్తాండాడు. ఎండలోకి పొమ్మంటే పోడు. కర్రెగైతానంటాడు." ఆమె నవ్వుతూనే చెప్పింది. మాకు మాత్రం నవ్వు రాలేదు.

అమెరికాలో 1940ల కాలమందు కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అను నల్లజాతి దంపతులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, చిన్నపిల్లలకు బొమ్మలు చూపించి అడిగారు. కొన్ని తెల్లనివి, కొన్ని నల్లనివి. మంచి బొమ్మ ఏదంటే నల్లజాతి పిల్లలలో కూడా ఎక్కువమంది తెల్లదానినే చూపించారు. తెల్ల పిల్లలకు నల్ల పిల్లలకు వేరు వేరు బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ పరిశోధన ప్రస్తావనకు వచ్చింది. అది దూరదేశపు సంగతి అనుకోనక్కరలేదు. మన ఇండ్లలో పెండ్లిచూపుల నుండి వచ్చి ఏమంటాము? "నలుపే గాని ముఖం కళగా ఉంది" అంటాము. ఆ "గాని" అనే రెండక్షరాలు పిల్లలు వింటూనే ఉంటారు. ముఖానికి పూసుకొనే క్రీము అమ్మే పెద్ద కంపెనీ కూడా 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ అనే పేరులో నుండి ఫెయిర్ అనే మాట తీసివేసి గ్లో అండ్ లవ్లీ అని మార్చుకున్నది. మా నోటిలో నుండి ఒక మాట తీసివేయడానికి మాకు అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

పిల్లవాడు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. దగ్గరకు పిలిచి, సినిమా మధ్యలో ఎందుకు పోయావని అడిగాము. చాలాసేపు పలుకలేదు. తల్లి నీళ్ళకు లోపలికి పోయిన తరువాత అన్నాడు.

"కాలియా గూడ భీమ్ వాళ్లతోనే సోనాపూర్ పోతాడు గదా అయ్యగారూ. వానికి గూడ భయమే. అయినా పోతాడు. మరి నన్ను అట్ల పోయినోడని కాలియా అనరు. కర్రెగుండానని అంటారు."

మేము ఒకటి గమనించవలెను. మిద్దె మీద కూర్చున్న ముప్పై ఇద్దరిలో కాలియా వైపు నుండి ఆ సినిమాను చూచినవాడు వాడొక్కడే. పెద్ద పత్రికల విమర్శకులు కూడా ఆ వైపు నుండి చూచి వ్రాసినట్లు మాకు కనబడలేదు.

"నేను గూడ అన్నాను గదా" అన్నాము. ఇక్కడ మేము అని వ్రాస్తున్నాము గాని, వాడి ముందు నేను అనే అన్నాము.

"ఊ" అన్నాడు.

"తప్పు చేసినాను నాయనా. క్షమించు."

వాడికి ఏమనాలో తెలియలేదు. పెద్దవాళ్ళు ఆ మాట అనడం అలవాటు లేదు గదా. కాలి బొటనవేలితో గడప గీరుతూ నిలబడ్డాడు. తల్లి నీళ్ళ చెంబుతో వచ్చి, "ఏం తప్పు చేసినాడు అయ్యగారూ వీడు?" అని కంగారుపడింది. వాడు చేయలేదమ్మా, మేము చేశామని చెప్పాము. ఆమెకు పూర్తిగా నమ్మకం కుదరలేదు.

తరువాతి ఆదివారం పిల్లలందరి ముందు ఆ సంగతి, వాడి పేరు ఎత్తకుండా, చెప్పాము. ఇకమీదట మన దగ్గర ఎవరినీ రంగు మీద, ఒడలి మీద పేరు పెట్టి పిలువకూడదని, ముందుగా అయ్యగారే పిలువరని చెప్పాము. మా సంఘములో కవలపిల్లలు ఇద్దరున్నారు. వారిని అందరూ ఢోలు భోలు అంటారు. వారిలో ఒకడు లేచి, "మమ్మల్ని గూడ పిలవరా ఇంక?" అని దిగులుగా అడిగాడు. మీకు ఇష్టమేనా అంటే, చాలా ఇష్టమన్నారు. సరే, వారికి ఆ పేర్లు ఉంచాము. ఈ విషయములో ఒకే నియమము అందరికీ కుదరదని మాకు ఆ దినమే తెలిసింది. అడిగితే పిల్లలే చెబుతారు, ఏది ముద్దో ఏది ముల్లో.

ఎండలో వచ్చిన ఆ తల్లిగారికి మేము ఇచ్చిన జవాబు ఇది. అమ్మా, చూపించండి. మిగిలిన సగం కూడా చూపించండి. రెండు గంటలకు మించిన సినిమా గనుక ఒకే దినము వద్దు, రెండు సాయంత్రాలు చేయండి. కొట్లాట వచ్చిన చోట మీరు ప్రక్కన ఉండండి. వంటింట్లో ఉండి వినడం కాదు, ప్రక్కన కూర్చోండి. అయిపోయిన తరువాత మీ అభిప్రాయం చెప్పక ముందు వారిని అడగండి. నీవు అందులో ఎవరివి అని అడగండి. భీమ్ అని అంటే సంతోషమే. మరొక పేరు చెబితే ఎందుకని అడిగి, జవాబు వచ్చేవరకు ఊరకుండండి. మీ అత్తగారి భయం కూడా పెద్దమనిషి భయమే గనుక ఆమెను తోసిపుచ్చక, ఆమెను కూడా చాప మీద కూర్చోబెట్టండి. మా ఊరి అవ్వ వలె ఆమెకు కూడా కథ ఒక్క మాటలో తేలిపోవచ్చు.

ఇది వ్రాసి పత్రికకు పంపడానికి కవరు అంటించబోతుండగా, సండే స్కూలు టీచరమ్మ ఒక చీటీ తెచ్చి ఇచ్చింది. నోటుపుస్తకం కాగితం, నాలుగు మడతలు. ఇరవై మూడవ చీటీ. వాడి అనుమతితో వ్రాస్తున్నాము:

"బాగున్నది, ఇసుకలో ఊరు. బాగలేనిది, గ్రాఫిక్సు. కాలియాకు ఇంకా ఫైట్లు పెట్టాల్సింది. మిగిలిన సగం నేను చూల్లేదు, మళ్ళా ఎప్పుడు ఏస్తారు?"

పేరు వ్రాయనక్కరలేదని మేము చెప్పియున్నాము. వాడు ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వ్రాసి, క్రింద గీత కూడా గీచాడు.